బస్వవ్వ గొంతులోని అయోడిన్

మా గల్లీలో పసిపిల్లలకు నీళ్లు పోసేది బస్వవ్వ. రేషన్ కార్డు మీద పేరు బస్వమ్మ. వయసు అరవై దాటింది. న్యాల్‌కల్ దగ్గర ఒక పల్లెలో పుట్టి, శంకరప్పను పెళ్లి చేసుకుని జహీరాబాద్ వచ్చింది. శంకరప్ప అల్లం కడిగే చోట పనికి పోతాడు. ఆమెకు మాత్రం నలభై ఏళ్లుగా ఇదే పని. బిడ్డ పుట్టిన పదకొండో రోజు నుంచి, కూర్చోవడం వచ్చేదాకా, రోజూ పొద్దున వచ్చి నీళ్లు పోసి వెళ్తుంది. ముప్పై ఒక్క ఏళ్ల కింద నాకూ ఆమే పోసింది.

పీట మీద కూర్చుని, చీరను మోకాళ్ల పైకి లాక్కుని, రెండు కాళ్లూ చాపి దగ్గరికి చేరుస్తుంది. ఆ కాళ్ల మధ్య పల్లంలో బిడ్డ పడుకుంటుంది. ముందు నూనె, తర్వాత శెనగపిండి, ఆ తర్వాత వేడినీళ్లు. పక్కన ఒకరు నిలబడి చెంబుతో పోస్తుంటే, ఆమె అరచేతిని బిడ్డ నుదుటికి అడ్డం పెట్టి, కళ్లలో చుక్క పడకుండా నీటిని రెండు పక్కలకూ మళ్లిస్తుంది. ఆ సేపంతా పిల్లలతో కన్నడంలో మాట్లాడుతుంది. "ఆయ్తు, ఆయ్తు" అంటుంది, అయిపోయింది అని. సగం పని కూడా కాకముందే అంటుంది.

మా పాప పుట్టినప్పుడు నేను ఆమెకు కొన్ని షరతులు పెట్టాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పాప పుట్టాక పిల్లల గురించి ఫోన్‌లో చదవని భయం లేదు. చెవుల్లో నూనె వద్దన్నాను, ముక్కు వత్తొద్దన్నాను, సాంబ్రాణి పొగ వద్దన్నాను, నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూశాకే పోయమన్నాను. చెవులకూ ముక్కుకూ ఆమె ఒప్పుకుంది. పొగ వాకిట్లోకి మారింది. థర్మామీటర్‌ను మాత్రం మోచేత్తో పక్కకు నెట్టి, అదే మోచేతిని నీళ్లలో ముంచి చూసుకుంది.

"నీ చెవులల్ల నూనె పోసిన, నీ ముక్కు వత్తిన. ఏమైంది? పిల్లలకు సదువు చెప్తలేవా?" అంది.

నా భార్య స్వప్న నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

పాపకు నెలన్నర నిండిన రోజుల్లో బస్వవ్వ చేయి వణకడం మొదలైంది. ముందు నుదుటి దగ్గర అరచేయి కదిలి పాప కళ్లలోకి నీళ్లు పోయాయి. రెండు రోజుల తర్వాత, ఒళ్లు తుడవడానికి ఎత్తుతుండగా పాప ఆమె చేతుల్లోంచి జారింది. చెంబు పట్టుకున్న స్వప్న చెంబు వదిలేసి పాపను అందుకుంది. ఏమీ కాలేదు. కానీ బస్వవ్వ పీట మీదనే చాలాసేపు కూర్చుండిపోయింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ లేచి, "నా చేతులు నా మాట ఇంటలేవు. ఇవి సక్కగ అయ్యేదాక ఎవ్వల పిల్లను ముట్ట" అని చెప్పింది. అప్పటికి ఆమె మూడిళ్లకు వెళ్తోంది. మూడిళ్లలోనూ ఆ రోజే మానేసింది. ఎవరూ మానమనలేదు.

గొంతు ముందు నిమ్మకాయంత గడ్డ ఆమెకు ఎన్నో ఏళ్లుగా ఉంది. ఏడాదిగా బరువు తగ్గుతోంది, చలికాలంలో కూడా చెమటలు పడుతున్నాయి, గుండె దడదడలాడుతోంది. వయసు మీద పడిందిలే అనుకుంది. నేను వెంట తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. గొంతులోని థైరాయిడ్ గ్రంథి అదుపు లేకుండా పనిచేస్తోందని తేలింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ స్కాన్ చేసి, ఆపరేషన్ అక్కర్లేదు, రేడియోధార్మిక అయోడిన్ ఒక్కసారి మింగితే చాలు, రెండు మూడు నెలల్లో చేతులు కుదురుకుంటాయి అన్నారు. వణుకుకూ దడకూ ఒక చిన్న మాత్ర కూడా రాశారు.

రేడియేషన్ అన్న మాట విని శంకరప్ప భయపడ్డాడు. బస్వవ్వ మాత్రం, మింగేది తనే కాబట్టి, అది లోపల ఏం చేస్తుందో తెలిశాకే మింగుతానంది. ఒక సాయంత్రం వాళ్ల ఇంటి ముందు చాటలో కందులు ఏరుతూ నన్ను కూర్చోబెట్టి అడిగింది. నేను కందుల్లోంచి యాభై మూడు గింజలు లెక్కపెట్టి ఒక పక్క పోశాను. ఇంట్లోంచి జొన్నలు తెప్పించి డెబ్బై ఎనిమిది లెక్కపెట్టి వాటిలో కలిపాను. ఏ పదార్థంలోనైనా అతి చిన్న ముక్క పరమాణువు. దాని నడిమధ్యన కేంద్రకం ఉంటుంది. ఈ మందులోని అయోడిన్ కేంద్రకం ఈ గింజల కుప్పలాంటిది. కందులు ప్రోటాన్లు, జొన్నలు న్యూట్రాన్లు. మొత్తం నూట ముప్పై ఒకటి. మనం తినే ఉప్పులోని అయోడిన్‌లో జొన్నలు నాలుగు తక్కువ, అందుకే అది ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుంది. ఇందులో జొన్నలు ఎక్కువైనందువల్ల కుప్ప కుదురుగా ఉండలేదు. ఏదో ఒక క్షణంలో ఒక జొన్న తనంతట తానే కందిగా మారుతుంది.

ఒక జొన్నగింజ తీసేసి, ఆ చోట ఒక కందిగింజ పెట్టి చూపించాను.

"జొన్న కంది ఎట్లయితది?" అంది బస్వవ్వ.

పొలంలో కాదు, అక్కడ అవుతుందని చెప్పాను. అట్లా మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్ పుట్టి బయటికి దూసుకుపోతుంది. దాంతోపాటు ఇంకొక చిన్న కణం కూడా పోతుంది కానీ అది దేన్నీ తాకకుండా వెళ్లిపోతుంది. ఎలక్ట్రాన్ మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగి, అక్కడి శరీర కణాలను దెబ్బతీస్తుంది. థైరాయిడ్ గ్రంథి అయోడిన్ కోసం ఎప్పుడూ ఆకలిగా ఉంటుంది, ఏ అయోడిన్ వచ్చినా లాక్కుంటుంది. కాబట్టి దెబ్బ ఆ గడ్డకే తగులుతుంది. ఇక కుప్పలో ఇప్పుడు కందులు యాభై నాలుగు. కందుల లెక్కే పరమాణువు పేరును నిర్ణయిస్తుంది. యాభై మూడైతే అయోడిన్, యాభై నాలుగైతే జినాన్. అది ఎవరితోనూ కలవని గాలి. రక్తంలోంచి ఊపిరితిత్తులకు చేరి, శ్వాసతో బయటికి పోతుంది.

బస్వవ్వ చాటలోని గింజలను వేలితో కదిలించింది. "మొత్తం లెక్క గదే. పేరు ఒక్కటే మారింది. తొట్టెల ఏసి పేరు వెట్టినంక మల్ల వాపస్ తీస్కోరు గద, గట్లనా?"

అట్లాగే అన్నాను. జినాన్ మళ్లీ అయోడిన్ కాదు.

ఏ కేంద్రకం ఎప్పుడు మారుతుందని అడిగింది. ఎవరూ చెప్పలేరన్నాను. కానీ కోట్ల కోట్లు ఒకచోట ఉంటే, ఎనిమిది రోజుల్లో వాటిలో సగం మారిపోతాయి. ఇంకో ఎనిమిది రోజులకు మిగిలిన వాటిలో సగం. కాన్పు ఏ రోజు వస్తుందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు, నెల మాత్రం చెబుతుంది, అట్లానే కదా అంది. ఇందులో ఒక తేడా ఉందని చెప్పాను. కడుపులో బిడ్డ రోజురోజుకూ పెరుగుతుంది, నెలలు నిండుతాయి. కేంద్రకానికి నెలలు నిండవు. నిన్న పుట్టినదైనా, నెల రోజులుగా మారకుండా ఉన్నదైనా, రేపు మారే అవకాశం రెండింటికీ ఒక్కటే. ఆ మాట ఆమెకు నచ్చలేదు. "అంటె అది ముసల్దిగాదా? మంచిగున్నది దాని పని" అని గింజలన్నీ కలిపేసింది. వాటిని విడదీయడానికి తర్వాత శంకరప్పకు అరగంట పట్టింది.

మందు మింగి వచ్చిన రోజు దవాఖాన వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. కేంద్రకం మారినప్పుడు మిగిలిపోయిన శక్తి గామా కిరణంగా బయటికి వస్తుంది. అది ఒంట్లోంచి బయటికి కూడా పోగలదు. అందుకని ఇరవై ఒక్క రోజులు పసిపిల్లలనూ గర్భవతులనూ దగ్గరికి తీసుకోవద్దు. మొదటి రోజుల్లో ఉమ్మిలో, చెమటలో, మూత్రంలో కూడా మందు పోతుంది కాబట్టి కంచం వేరు, చాప వేరు, బట్టలు వేరుగా ఉతకాలి. కాగితంలో ఉన్నది అంతే. కానీ కంచం వేరు, చాప వేరు అనగానే మా గల్లీకి అది మైలగా అర్థమైంది. బస్వవ్వకు కూడా. పురిటి మైల లాంటిదే, ముట్టుకున్న వాళ్లకు అంటుతుంది, లెక్క నిండిన రోజు తలస్నానం చేస్తే పోతుంది. శంకరప్ప ఆమెకు కంచం అందించిన ప్రతిసారీ స్నానం చేశాడు. రొట్టెలు కూడా ఆయనే చేశాడు. అవి ఎట్లా ఉన్నాయని అడిగితే బస్వవ్వ, "గడ్డకు మందు గవే" అంది.

పదకొండో రోజు పొద్దున ఆమె తలస్నానం చేసి, చాప పారేసి, ఉతికిన చీర కట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. మైల పదకొండు రోజులే కదా, పాపను ఒక్కసారి ఒళ్లో వేసుకుని పోతానంది. నీళ్లు పోయనని ముందే చెప్పింది. నేను గేటు తీయలేదు. కాగితంలో ఇరవై ఒకటి అని ఉంది, తలస్నానంతో పోయేది కాదిది అన్నాను. అప్పటికి మెత్తగానే అన్నానని అనుకుంటాను. ఆమె గేటు అవతల నుంచే లోపలికి తొంగి చూసి, పాప ఏడుపు కాసేపు విని వెళ్లిపోయింది. దవాఖాన లెక్కల ప్రకారం నేను చేసింది సరైనదే.

తప్పు ఇరవై ఒకటో రోజు చేశాను. మా ఎదురింటి మనోరమ కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది, మనవడికి నెల కూడా నిండలేదు. ఆమె ఫోన్ చేసి, ఇవాళ్టితో లెక్క నిండింది కదా, బస్వవ్వను ఇంట్లోకి రానివ్వొచ్చా అని అడిగింది. నేను వెంటనే మనసులో లెక్క వేశాను. ఎనిమిది రోజులకు సగం, పదహారుకు పావు, ఇరవై ఒకటికి దాదాపు ఆరో వంతు. నా ముందు ఉయ్యాలలో పాప ఉంది. ఇంకా ఆరో వంతు ఉంటుంది, కొన్నాళ్లు ఆగితే మంచిది అన్నాను. మధ్యాహ్నానికి ఆ మాట గల్లీ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆరో వంతు రేడియేషన్ ఇంకా ఉందని ఫిజిక్స్ సారే చెప్పారని మనోరమ గొంతుతో వాయిస్ మెసేజ్. ఆ వారం బస్వవ్వను ఎవరూ తమ అరుగు మీద కూడా కూర్చోనివ్వలేదు. పిల్లలున్న ఇళ్ల ముందు నుంచి ఆమె వస్తుంటే తలుపులు దగ్గరికి వేశారు.

నాలుగు రోజుల తర్వాత శంకరప్ప కాలేజీ గేటు దగ్గర నా కోసం నిలబడ్డాడు. "బిడ్డా, ఆ ఆరో వంతు పోనీకి ఇంక ఎన్నొద్దులు బడ్తది? ఆమె అడిగి రమ్మన్నది" అన్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై రెండు రోజులకు పదహారో వంతు, నలభైకి ముప్పై రెండో వంతు, ఎనభైకి వెయ్యో వంతు.

"ఆ వెయ్యోది ఎప్పుడు పోతది?"

సగంలో సగం తీస్తూ పోతే సున్నా ఎప్పటికీ రాదు. మైల పట్టిన వాళ్లకైనా అది వదిలే రోజు ఒకటుంది. నా లెక్కలో బస్వవ్వకు ఏ రోజూ లేదు. శంకరప్ప పని ఉందని వెళ్లిపోయాడు.

కాగితం అడుగున ఒక ఫోన్ నంబరు ఉంది. స్టాఫ్ రూంలో కూర్చుని చేశాను. దవాఖానలో రేడియేషన్ భద్రత చూసే త్రివేణి అనే ఆమె మాట్లాడింది. నేను ఫిజిక్స్ లెక్చరర్‌నని చెప్పి, నా ఆరో వంతు వినిపించాను. ఆమె నవ్వలేదు. నేను సగం లెక్కే వేశానంది. కేంద్రకాలు మారిపోవడం ఒక్కటే కాదు, మారని అయోడిన్‌ను ఒళ్లే రోజూ బయటికి పంపుతుంది. మింగిన దాంట్లో దాదాపు సగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోయింది. గొంతులో నిలిచింది కూడా ఎనిమిది రోజులకు కాదు, అయిదారు రోజులకే సగమవుతుంది. ఇరవై ఒకటో రోజుకు మిగిలేది నూటికి మూడు నాలుగు పాళ్లు. పసిబిడ్డను రోజూ ఒళ్లో పెట్టుకున్నా పరవాలేదనుకునే హద్దును ముందు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసే ఆ ఇరవై ఒకటి రాశామంది. ఆ కిరణాలు తగిలినా బిడ్డ ఒంట్లో కొత్తగా రేడియోధార్మికత పుట్టదని, అది నాకు తెలిసే ఉంటుందని కూడా అంది. తెలుసు. పాఠం చెప్పేటప్పుడు తెలుసు.

ఆ సాయంత్రం గ్రూపులో రాయడానికి కూర్చున్నాను. ప్రోటాన్ల దగ్గర మొదలుపెట్టి రెండు పేజీలు రాసి, స్వప్నకు చూపిస్తే ఎవరూ చదవరంది. అంతా తీసేసి నాలుగు వాక్యాలు పెట్టాను. నేను చెప్పిన లెక్క తప్పు, దవాఖాన వాళ్లను అడిగాను, బస్వవ్వ వల్ల పిల్లలకు ఏ ప్రమాదమూ లేదు, ఆరో వంతు మాట నాది, క్షమించండి. మూడు బొటనవేళ్ల గుర్తులు వచ్చాయి. తర్వాత మనోరమ గొంతు వచ్చింది. "మంచిది సారూ. అయితె మొదాలు మీ పాపకు పోయించున్రి. అటెన్క మేం సూస్తం."

న్యాయమైన మాటే. మర్నాడు పొద్దున స్వప్న కుంకుమ భరిణె పట్టుకుని, నేను పాపను ఎత్తుకుని బస్వవ్వ ఇంటికి వెళ్లాం. పిల్లకు నీళ్లు పోసే మనిషిని మొదటిసారి పిలిచేటప్పుడు బొట్టు పెట్టి పిలవడం మా దగ్గర పద్ధతి. రెండోసారి పిలవడానికి కూడా అదే సరి అనిపించింది. పాపను ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె పాపను ఒళ్లోనే ఉంచుకుని, చేతులు మాత్రం నేలకు ఆనించింది. స్వప్నతో బొట్టు పెట్టించుకుంది. నేను త్రివేణి మేడం చెప్పిన లెక్క వినిపించి, తప్పు ఒప్పుకున్నాను.

"మనోరమ అన్నదని ఉరికొచ్చినవా?" అంది. ఇద్దరం కాదన్నాం. "అయినా నేనిప్పుడే రాను. నీ కాగితం లెక్క అయింది. నా చేతుల లెక్క గాలే. జర ఆగున్రి."

ఆమె లెక్క ఇట్లా ఉండేది. స్టీలు గ్లాసును అంచుదాకా నింపి, వాకిట్లో నల్లా దగ్గర నుంచి గడప దాకా నడవాలి. ఒక్క చుక్క కూడా ఒలకకూడదు. రోజూ పొద్దున చేసేది. ఒలికిన చుక్కలు ఎండిన బండ మీద కనిపిస్తాయి కదా, వాటిని శంకరప్ప వెనక నడుస్తూ లెక్కపెట్టేవాడు. మొదట్లో పదిహేను, ఇరవై. నేను కాలేజీకి పోతూ అడిగితే ఆ రోజు సంఖ్య చెప్పేవాడు. ఒక రోజు ఆరు, మర్నాడు తొమ్మిది, ఆ మర్నాడు నాలుగు. గ్రంథిలో కేంద్రకాలు మారడం దాదాపు ముగిసిపోయింది, కానీ అవి కొట్టిన దెబ్బకు కణాలు నెమ్మదిగా చావాలి, అంతకుముందు రక్తంలోకి వదిలిన హార్మోను నెమ్మదిగా తగ్గాలి. ఇదంతా నేను శంకరప్పకు చెప్పాను. ఆయన విని, రెండు చుక్కలకు వచ్చిందని చెప్పాడు.

మందు మింగిన నలభై తొమ్మిదో రోజు, సోమవారం, ఎవరూ పిలవకుండానే బస్వవ్వ గేటు తీసుకుని వచ్చింది. వరసగా మూడు రోజులు బండ తడవలేదట. బుగ్గలు కొంచెం నిండాయి. స్వప్న నీళ్లు కాగబెట్టడానికి లోపలికి ఉరికింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే పోవాలి కదా, పీటను వాకిట్లో వేద్దాం, గల్లీ అంతా చూస్తుంది అన్నాను.

బస్వవ్వ నా వంక తేరిపార చూసింది. "గల్లీ మొత్తం సూస్తుంటె పిల్లకు నీళ్లు పోస్తరా? దిష్టి తగిలితె ఎవలు తీస్తరు, నీ త్రివేణి మేడం తీస్తదా? నా కోసానికి పిల్లను బజాట్ల వెడ్తవా? లోపట ఏయి పీట." రెండడుగులు వేసి ఆగింది. "మనోరమను పిలువు. నీళ్లు పోయనీకి మనిషి గావాలె గద."

మనోరమ వచ్చింది. చెంబు అందుకుంది కానీ గోడకు ఆనుకుని, చేయంతా చాపి దూరం నుంచి పోసింది. నీళ్లు సగం నేల మీద పడ్డాయి.

"గట్ల పోస్తె పిల్ల ఎప్పుడు తడుస్తది? దగ్గరికి రా. నీ బిడ్డకు నీళ్లు పోసింది ఎవలు?"

మనోరమ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. నాలుగో చెంబుకు బస్వవ్వ భుజం పక్కనే వంగి నిలబడింది. పాప పెద్దదైంది, కాళ్లు ఆడిస్తూ జారిపోవాలని చూస్తోంది. బస్వవ్వ ఎడమచేత్తో దాని రెండు కాళ్లనూ పట్టి ఉంచి, కుడి అరచేతిని నుదుటికి అడ్డం పెట్టింది. మేం ముగ్గురం ఆ అరచేతినే చూస్తున్నాం. నీళ్లు దాని మీద పడి, రెండు చెవుల పక్క నుంచి సమంగా దిగిపోయాయి. పాప రెప్ప కూడా వేయలేదు. "ఆయ్తు, ఆయ్తు" అంటోంది బస్వవ్వ. ఇంకా వీపు రుద్దనే లేదు.

తువ్వాలులో చుట్టి స్వప్నకు అందించాక మనోరమ ఖాళీ చెంబుతో నిలబడి, "రేపు మా దిక్కు గూడ రా బస్వవ్వ. నీళ్లు కాగబెట్టి వెడ్త" అంది.

"ఎనిమిదికి ఈడ, తొమ్మిదికి ఆడ. నీ మనుమడు ఏడుస్తె ఏడ్వనియ్యి. నువ్వు మాత్రం నడుమ రాకు" అంది బస్వవ్వ, పీట గోడకు ఆనించి పెడుతూ.

పాప పాలు తాగుతూనే నిద్రపోయింది. పదకొండున్నర దాకా లేవలేదు. ఇంతసేపు పడుకోవడం చాలా రోజుల తర్వాత ఇదే. నేను రెండుసార్లు వెళ్లి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. మూడోసారి లేవబోతే స్వప్న నన్ను కూర్చోబెట్టింది.